కాపరికి కాపరి ఎవరు? గుంటూరు, విజయవాడ పాస్టర్ల జీవనం, కాగితాలు, ఒంటరితనం

పాస్టర్ల కష్టాలు చర్చకు వచ్చినప్పుడు ప్రార్థన తగ్గిందనీ, భక్తి చల్లారిందనీ, పాతతరం సేవకులు ఇలా లేరనీ అనుకోవడంతో మాట మొదలై అక్కడే ముగుస్తుంది. గుంటూరు, విజయవాడ నగరాల్లోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ సంఘాలు నిజంగా నడుస్తున్న తీరు చూస్తే అలసటకు మూలం వేరేచోట కనిపిస్తుంది. పాస్టర్ ఎవరిని గద్దించాలో వారి చేతి నుంచే అతని జీవనం రావాలి. ఎవరి ఇంటి గుట్టు మోస్తున్నాడో వారి మధ్యే కాపురం చేయాలి. బోధకుడు, గుమస్తా, తగవు తీర్చే పెద్దమనిషి, ఆస్పత్రికి తోడు వెళ్లేవాడు, కొన్ని సంఘాల్లో గుడి తాళం వేసేవాడు కూడా అతనే. వీటిలో ఏది తప్పినా అది ఆత్మీయ లోపంగానే లెక్కకు వస్తుంది. ఈ అమరికను అలాగే ఉంచి పాస్టర్‌ను ఇంకా ప్రార్థించమనడం సంఘం తన పూచీని తప్పించుకోవడమే.

ఈ ప్రాంతంలో సేవకుల పరిస్థితి అందరిదీ ఒక్కటి కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీ (సీఎంఎస్) పని మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరి లూథరన్ మిషన్‌కు పునాది వేశారు. ఆ లూథరన్ సంఘాలు 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ)గా ఏర్పడి గుంటూరు కేంద్రంగా నడుస్తున్నాయి. ఆంగ్లికన్ వారసత్వం 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లో కలిసి, ఇప్పుడు విజయవాడ కేంద్రంగా ఉన్న కృష్ణా గోదావరి డయోసిస్‌లో, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో, కొనసాగుతోంది. ఈ సంఘాల్లో పాస్టర్‌కు నియామకం, జీతం, ఉండటానికి పార్సనేజీ, బదిలీ, పదవీ విరమణ అన్నీ ఒక పద్ధతి ప్రకారం ఉంటాయి. ఇవికాక గత నాలుగైదు దశాబ్దాల్లో పేటపేటనా పుట్టుకొచ్చిన స్వతంత్ర సంఘాలు ఉన్నాయి. రేకుల షెడ్డులోనో, అద్దె ఇంటి మేడమీదో నడిచే ఈ సంఘానికి స్థాపకుడు, బోధకుడు, కోశాధికారి చాలాసార్లు ఒకే మనిషి. మొదటివారికి పైన అధికారి ఉంటాడు, రెండోవారికి ఉండడు. ఇద్దరి బాధలూ చాలావరకు అక్కడినుంచే పుడతాయి.

మిషన్ సంఘాల పాస్టర్‌కు జీతం ఆలస్యం కావచ్చు గాని బొత్తిగా లేకుండా పోదు. అతన్ని నలిపేది బదిలీ, దాని వెనుక ఉండే రాజకీయం. పిల్లలు పదో తరగతిలో ఉండగా వచ్చిన బదిలీ ఉత్తర్వు దేవుని చిత్తమా, ఎన్నికల్లో వేరే వర్గం వైపు నిలిచినందుకు శిక్షా అన్నది తేల్చుకోలేని స్థితిలోనే అతడు సామాను సర్దుకోవాలి. బిషప్ పదవుల చుట్టూ, మిషన్ కాలం నాటి స్థలాల చుట్టూ కోర్టు వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగే చోట కింది పాస్టర్ ఏ పక్షమూ కాకుండా ఉండటం కష్టం, ఏదో ఒక పక్షం కావడం ఇంకా కష్టం. ఆడవారి విషయంలో దారి కొంత తెరుచుకుంది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు, సీఎస్ఐ మొత్తానికి కూడా, తొలి మహిళా బిషప్ అయ్యారు. అయినా పాస్టర్‌గా అభిషేకం పొందిన మహిళకు సొంతంగా ఒక పాస్టరేటు (ఒక పాస్టర్ బాధ్యత కింద ఉండే సంఘాలు) అప్పగించడానికి సంఘ పెద్దలు ఇప్పటికీ తటపటాయిస్తారు.

స్వతంత్ర సంఘ కాపరి చిక్కు ఇంతకంటే సూటిగా ఉంటుంది. నెల మొదట్లో షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, కీబోర్డు వాయించే కుర్రవాడికి ఇచ్చే పైకం కట్టగా మిగిలినదే అతని జీతం. ఆదివారం ఆరాధన అయ్యాక బల్లమీద పోసిన కానుకల్లో పది, ఇరవై నోట్లు ఎక్కువగా ఉంటాయి. పేర్లు రాసిన కవర్లలో రాబడిలో పదో వంతుగా ఇచ్చే దశమభాగాలు, స్తోత్ర కానుకలు విడిగా వస్తాయి. ఆ కవర్లు ఇచ్చే నాలుగైదు కుటుంబాలే సంఘాన్ని నిలబెడతాయి. మద్యం గురించో, కట్నం గురించో, వడ్డీ వ్యాపారం గురించో ప్రసంగం సిద్ధం చేసుకునేటప్పుడు ఆ నాలుగైదు ముఖాలు కాపరి కళ్లముందు మెదలకుండా ఉండవు. సువార్త ప్రకటించేవారు సువార్త వల్ల జీవించాలని పౌలు కొరింథీయులకు రాశాడు, నిజమే. అదే పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుని బతికాడన్నదీ అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. మొదటి వాక్యం కానుకలు ఎత్తే సమయంలో వినిపించినంత తరచుగా రెండోది వినిపించదు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ ఏర్పాటు ఎంత పలచనిదో బయటపడింది. ఆరాధనలు ఆగిన వారాల్లో కానుకలూ ఆగాయి, అద్దె మాత్రం ఆగలేదు. సభ్యుల్లో ఎక్కువమంది మిర్చి యార్డు కూలీలు, తాపీ పనివారు, ఇళ్లలో పనిచేసే ఆడవారు అయిన సంఘాల్లో కాపరి వారిని అడగలేడు, వారు ఇవ్వలేరు. కానుకలు ఫోన్‌పేకు మారింది ఆ రోజుల్లోనే. దానితో సౌకర్యం వచ్చింది, ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. గుడి గోడమీద అంటించిన క్యూఆర్ కోడ్ చాలాచోట్ల పాస్టర్ సొంత ఖాతాదే. సంఘం డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాక, ఏడాది చివర లెక్క అడిగిన పెద్దకు చూపించడానికి ఫోన్‌లోని లావాదేవీల వరుస తప్ప పుస్తకం ఉండదు. అతడు తినేసి ఉండకపోవచ్చు. కానీ తినలేదని చూపించుకునే దారి తనకు తానే మూసుకున్నాడు. సంఘం పేరుతో సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, ఇద్దరు సంతకం చేస్తే తప్ప డబ్బు బయటికి రాని బ్యాంకు ఖాతా ఉండటం విశ్వాసలేమికి గుర్తు కాదు, కాపరికి అదే కవచం.

విదేశీ సాయం మీద ఆధారపడిన చిన్న సంఘాలకు 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణలు పెద్ద దెబ్బ. విదేశీ సొమ్ము అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదనడంతో, పెద్ద సంస్థల ద్వారా పల్లె సేవకులకు అందుతూ వచ్చిన నెలవారీ పోషణ చాలామందికి నిలిచిపోయింది. మరోవైపు రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. ఆ మొత్తం చిన్న సంఘ కాపరికి నిజమైన ఆసరా. అయితే బకాయిలు నెలల తరబడి పేరుకున్న అనుభవం ఉన్నందున దాన్ని నమ్ముకుని ఇంటి అద్దె ఒప్పుకోవడం కుదరదు. పైగా ప్రభుత్వ జాబితాలో పేరు చేరడమంటే తాను ఎవరో, ఏ మతమో కాగితం మీద ఒప్పుకోవడం. కోస్తా జిల్లాల కాపరికి ఇది చిన్న విషయం కాదు.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితం కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే. ఆదివారం ఉదయం గుంటూరు వీధుల్లో బైబిలు చంకన పెట్టుకుని నడిచేవారిని చూసినవారెవరికీ ఆ అంకె సరిపోయినట్టు అనిపించదు. కాగితం మీద హిందూ ఎస్సీ, ఆరాధనలో క్రైస్తవం అయిన ఈ పరిస్థితి సభ్యులు ఎన్నుకున్నది కాదు. పిల్లవాడి సీటు, ఉద్యోగం, వేధింపుల నుంచి చట్టం ఇచ్చే రక్షణ ఆ కాగితంతోనే ముడిపడి ఉన్నాయి.

ఈ మొత్తం సందిగ్ధం చివరికి వచ్చి నిలిచేది పాస్టర్ బీరువాలోని బాప్తిస్మపు రిజిస్టరు మీద. పేరు, తేదీ, సాక్షుల సంతకాలతో రాస్తే అది రేపు ఎవరో ఒకరు సభ్యుడికి వ్యతిరేకంగా చూపించే సాక్ష్యం కావచ్చు. రాయకపోతే సంఘానికి సభ్యత్వ జాబితా లేదు, సమాధి స్థలం అడగడానికి ఆధారం లేదు. 2020లో పాస్టర్లకు ఒకసారి 5,000 రూపాయల సాయం అందినప్పుడు లబ్ధిదారుల కుల ధ్రువపత్రాల మీద ఫిర్యాదులు వెళ్లాయి. 2025లో రాష్ట్ర హైకోర్టు, ఎస్సీ ఎస్టీ చట్టం కింద ఒక పాస్టర్ పెట్టిన కేసులో, క్రైస్తవం స్వీకరించి పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి చేతిలో ఎస్సీ ధ్రువపత్రం ఉన్నా ఆ చట్టపు రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. సామాన్య సభ్యుడు తన విశ్వాసాన్ని ఇంటి గడప లోపల ఉంచుకోగలడు. పాస్టర్ ఉంచుకోలేడు, ఎందుకంటే అతని పనే అతని వాంగ్మూలం. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. మతం మారిన దళితుల ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఈలోగా గుడికి వచ్చిన యువకుడు బాప్తిస్మం అడిగినప్పుడు కాపరి అతనికి సువార్తతోపాటు రిజర్వేషన్ల నిబంధనలు కూడా చెప్పవలసి వస్తోంది. చెప్పకుండా బాప్తిస్మం ఇచ్చేయడం అన్యాయమే అవుతుంది.

పెళ్లిళ్ల దగ్గర ఇదే చిక్కు మరింత ముదురుతుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించే అధికారం అందరు బోధకులకూ లేదు. అభిషేకం ఇచ్చే సంఘపు నియమాల ప్రకారం నియమితులైన గురువులకు, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినవారికి మాత్రమే ఉంది. అధికారం లేకుండా ఈ చట్టం కింద పెళ్లి జరిపిస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు గంటల లోపే పెళ్లి జరగాలన్న నియమమూ అందులో ఉంది. (ముహూర్తాల పట్టింపు లేని పెళ్లిళ్లన్న పేరే గాని, ఫొటోలు తెమిలి పెళ్లికూతురు గుడి మెట్లు ఎక్కేసరికి గడియారం చూసుకునేది పాస్టర్ ఒక్కడే.) స్వతంత్ర సంఘాల్లో లైసెన్సు లేని కాపరులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు మరో పాస్టర్‌ను పిలిచి రిజిస్టరులో సంతకం పెట్టిస్తారు. కొందరు ‘ప్రార్థన మాత్రమే చేశాం’ అని సరిపెట్టుకుంటారు.

ఇక అమ్మాయి ధ్రువపత్రంలో హిందూ ఎస్సీ అని ఉంటే, క్రైస్తవ వివాహ ధ్రువపత్రం తీసుకోవడానికి ఇరువైపుల పెద్దలూ వెనకాడతారు. గుడిలో ఉంగరాలు మార్చుకుని, తర్వాత ఎప్పుడో రిజిస్ట్రారు ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకునేవారు, అసలు నమోదే చేయించనివారు కూడా ఉన్నారు. రాష్ట్రంలో 2002 నుంచి వివాహ నమోదు తప్పనిసరి అని చట్టం ఉన్నా పరిస్థితి ఇదే. అబ్బాయికి అమెరికా వీసా వచ్చి భార్యను తీసుకువెళ్లాలనుకున్నప్పుడో, కాపురం చెడి ఆమె భరణం కోరినప్పుడో ఆ కుటుంబాలు మళ్లీ పాస్టర్ గుమ్మం ఎక్కుతాయి, పాత తేదీతో కాగితం రాసివ్వమని. ఇవ్వనంటే ఏళ్లుగా కవరు ఇచ్చే ఇల్లు సంఘం వదిలిపోతుంది. ఇస్తే అది నేరం. దీనికి మధ్యేమార్గం లేదు. సంఘంలో మొదటినుంచీ నియమం రాసిపెట్టుకున్న కాపరికి మాత్రం ‘కాదు’ అనడం కొంత తేలిక. అతడు తన మాటగా కాక సంఘం తీర్మానంగా చెప్పగలడు.

పాస్టర్ ఇంట్లో జరిగే పనికి ఎక్కడా లెక్క లేదు. అందరూ ‘అమ్మగారూ’ అని పిలిచే పాస్టర్ భార్య స్త్రీల కూటం నడుపుతుంది, సండే స్కూలు చెబుతుంది, వేసవి సెలవుల బైబిలు బడి (వీబీఎస్) పిల్లలకు పాటలు నేర్పుతుంది, గుడ్ ఫ్రైడే నాడు ఊరినుంచి వచ్చినవారికి మజ్జిగ కలుపుతుంది. ఆమెకు నియామక పత్రం ఉండదు, జీతం ఉండదు, సెలవు ఉండదు. కొత్త చీర కడితే కానుకల డబ్బు అంటారు, పాతది కడితే సంఘానికి పరువు తక్కువ అంటారు. పాస్టర్ పిల్లలకు సినిమా, స్నేహం, మార్కులు ఏదీ సొంత విషయం కాదు. తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాసిన మాట పట్టుకుని, కాపరి ఇంట్లో పదహారేళ్ల కుర్రవాడి మొండితనాన్ని సంఘ సమావేశం అజెండాలో పెట్టే పెద్దలు ఉన్నారు. పండుగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లతో మొదలై డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డులు పంచేదాకా, తిరిగి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజుల సాయంత్రపు ప్రార్థనలన్నీ ఊళ్లో ఇంటింటా తిరిగే ఆ కాపరి, తన ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చునే రాత్రులు ఎన్నో ఆ పెద్దలు అడగరు.

సంఘస్థుల రహస్యాలు మోయడం ఈ పనిలో అన్నిటికంటే లోతైన భారం, దీని గురించి అతి తక్కువ మాట్లాడుకుంటారు. తాగుడు, అప్పు, భర్త చేతి దెబ్బ, కూతురి ప్రేమ, ఆత్మహత్య తలంపు, అన్నీ మొదట వచ్చేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు, అయ్యగారి దగ్గరికే. విన్నది ఎవరికీ చెప్పనని కాపరి మాట ఇస్తాడు. ఆ మాటకు ధర్మబలం ఉంది గాని చట్టబలం లేదు. న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య జరిగిన మాటకు మన సాక్ష్య చట్టంలో ఉన్న రక్షణ మతగురువుకు చెప్పుకున్న మాటకు లేదు. పిల్లల మీద లైంగిక నేరం విషయంలో దాచడానికి అసలు వీలు లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోతే శిక్ష ఉంది. ‘ఇంటి పరువు, సంఘం పరువు’ అని పెద్దలు ఒత్తిడి తెచ్చే ఆ గంటలో చట్టం ఏమంటుందో తెలిసి ఉండటం కాపరి ఉపయోగానికే కాదు, ఆ బిడ్డకు అతడు ఒక్కడే దిక్కు కావచ్చు.

రోగాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. రాత్రి రెండింటికి ఫోను వస్తే గుంటూరు జనరల్ ఆస్పత్రికి పరుగెత్తి, ఏ కౌంటరులో ఏ కార్డు చూపించాలో చెప్పి, రక్తం ఇచ్చే యువకులను పిలిపించే పాస్టర్లు అనేకం. పత్రికల్లో వారి గురించి రాదు. దీనికి భిన్నంగా, స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకున్నాక మూర్ఛ మాత్రలో, షుగరు మందో ఆపేసిన మనిషిని ఆ మర్నాడు ఎవరు చూసుకోవాలో ఎవరూ చెప్పరు. మందు ఆపవద్దని వేదిక మీదనుంచే చెప్పడం ప్రార్థన శక్తిని తగ్గించదు. అలా చెప్పలేని కూటం ఎంత పెద్దదైనా ప్రమాదకరమైనదే.

మరి కాపరి ఎవరితో చెప్పుకోవాలి? సభ్యులతో చెబితే విశ్వాసం సడలిందంటారు. పక్క వీధి పాస్టర్‌తో చెబితే ఆ మాట ఆదివారానికల్లా రెండు సంఘాల్లో తిరుగుతుంది, పైగా తన సభ్యులు కొందరు అప్పటికే ఆ సంఘానికి వెళ్లి ఉంటారు. బైబిలు ఈ విషయంలో దాపరికం లేకుండా మాట్లాడుతుంది. ప్రవక్త ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు అతనికి మొదట అందినది నిద్ర, రొట్టె, నీళ్లు. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే న్యాయం తీరుస్తుంటే అలా చేస్తే నలిగిపోతావని మామ యిత్రో హెచ్చరించి పనిని పంచమన్నాడు. ఇప్పటి కాపరికి ఒకటి రెండు దారులు ఉన్నాయి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరు మీద తెలుగులోనే మాట్లాడవచ్చు. వేరే ఊరి, వేరే శాఖకు చెందిన తోటి సేవకులతో నెలకొకసారి కూర్చోవడం అంతకంటే ఉపకరిస్తుంది, అందులో పోటీ ఉండదు గనుక. సోమవారం సెలవు అన్న నియమం పెట్టుకున్న పాస్టర్లను సోమరులనే సంఘాలు కొంత ఆలోచించుకోవాలి.

యూట్యూబ్ ప్రసంగీకులతో పోటీ, రాత్రి పది దాటాక మైకు పెడితే వచ్చే పోలీసు ఫిర్యాదులు కూడా ఉన్నవే. మొదటిది ఊరికే బెంగ. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో విజయవాడలోకి బుడమేరు వాగు నీళ్లు వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం మనిషికి తన పేటలో అక్కరకు వచ్చింది ఫోన్‌లో కనిపించే బోధకుడు కాదు, ఇల్లు తెలిసిన కాపరి. ఆ కాపరి ఇల్లూ ఆ నీళ్లలోనే ఉన్నదన్నది వేరే సంగతి. రెండోదానికి శబ్ద కాలుష్య నియమాలు పాటిస్తే చాలు, అందులో వేదాంతమేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ సంఘాలను చీల్చేది మాత్రం పాస్టర్ తరువాత ఎవరన్న ప్రశ్న. మిషన్ సంఘంలో పాస్టర్ మరణిస్తే భార్య పార్సనేజీ ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు అమ్మగారుగా ఉన్న మనిషికి సొంత ఇల్లు ఉండదు. స్వతంత్ర సంఘంలో స్థలం పాస్టర్ పేరనే రిజిస్టరు అయి ఉంటుంది కాబట్టి, కానుకలతో కట్టిన గుడి చట్టప్రకారం వారసుల ఆస్తి అవుతుంది. పిలుపు ఉన్నా లేకున్నా కొడుకు ప్రసంగ వేదిక ఎక్కవలసి వస్తుంది, లేదా ఆ కుటుంబం రోడ్డున పడుతుంది. స్థలాన్ని సొసైటీ పేరుకు మార్చడం, దానికి బదులుగా పాస్టర్ దంపతుల పేరున ఆరోగ్య బీమా, పెన్షన్ పథకంలో నెలనెలా సంఘమే చందా కట్టడం కలిపి ఒకే తీర్మానంగా చేస్తే ఇరువైపులా న్యాయం జరుగుతుంది. ఒకదాన్ని విడిచి రెండోది అడిగిన ప్రతిచోటా అనుమానమే మిగులుతుంది. ఆ తీర్మానాన్ని కమిటీలో ముందుగా ఎవరు ప్రతిపాదించాలన్న దగ్గరే చాలా సంఘాలు ఆగిపోయాయి. పాస్టర్ ప్రతిపాదిస్తే ముసలితనానికి దాచుకుంటున్నాడంటారు, పెద్దలు ప్రతిపాదిస్తే అతన్ని పంపించే ఎత్తు వేశారంటారు.